నాణెము మీది దేవుడు

నస్పూరు నుండి గోదావరి దాటి దక్షిణముగా పోతే రామగుండము, దాని తరువాత పెద్దపల్లి. పెద్దపల్లికి చేరువనే పెద్దబంకూరు, ధూళికట్ట అనే గ్రామములున్నవి. నదికి ఎగువన, ఒడ్డుననే, కోటిలింగాల ఉన్నది. శ్రీరాంపూరు గనులలో మన కార్మికులు త్రవ్వి తీసే బొగ్గు 25 కోట్ల సంవత్సరములకు పైబడినది. దానితో పోలిస్తే ఈ మూడు గ్రామముల దిబ్బలలో దొరికినవి నిన్న మొన్నటివే. గత శతాబ్ది ఉత్తరార్ధములో పురావస్తు శాఖవారు ఇక్కడ త్రవ్వకములు జరిపినప్పుడు ఇటుక కట్టడములు, బావులు, వేలకొలది శాతవాహన నాణెములు బయల్పడ్డవి. పెద్దబంకూరులో వాటి నడుమ పరాయి దేశపు నాణెములు కూడ కనిపించినవి. కరీంనగరు ప్రాంతపు నస్తుల్లాపురములోను, నల్లగొండ ప్రాంతపు అక్కెనపల్లిలోను అట్టివి రాశిగానే దొరికినవి; అక్కెనపల్లి రాశిలో 1,500కు పైగా ఉన్నవి. అవి రోమక సామ్రాజ్యపు వెండి నాణెములు.

వాటిలో ఒక రకమును కొంచెము పరిశీలించి చూతము. బరువు నాలుగు గ్రాములకు లోపు. ఒక వైపున పత్రమాల ధరించిన పురుషుని తల. రెండవ వైపున పీఠము మీద కూర్చున్న స్త్రీమూర్తి. ఆమె చేతులలో దండము, కొమ్మ. అంచు చుట్టూ లాటిను అక్షరములు. పెద్దబంకూరు వర్తకునికి ఆ అక్షరములు రావు; వెండి మంచిదా కాదా అన్నదే అతనికి కావలసినది. చదువగలిగియుంటే ఆశ్చర్యపడియుండేవాడు. దివ్యుడైన అగస్టసు పుత్రుడు టైబీరియసు సీజరు అగస్టసు అని ఆ నాణెము చెప్పుచున్నది. అనగా క్రీ.శ. 14 నుండి 37 వరకు రోమును ఏలిన ఈ మనుష్యుడు ఒక దేవుని కుమారుడు! అతనికి ముందు ఏలిన అగస్టసు నాణెముల మీద కూడ అదే వరుస: ఆయన దివ్యుడైన జూలియసు కుమారుడు. భారతదేశములో విరివిగా దొరికిన రోమక వెండి నాణెములు ఈ తండ్రీకొడుకుల రెండు ముద్రలవే. ఏసుక్రీస్తు తెప్పించి, దీని మీది రూపము ఎవరిదని అడిగిన నాణెము కూడ ఈ టైబీరియసు ముద్రయే కావచ్చునని చాలమంది పండితుల తలంపు.

రోమకులు తమ చక్రవర్తులను దేవతలుగా పూజించినారని పాఠ్యపుస్తకములలో ఒక్క వాక్యము ఉంటుంది. దానిని చదివిన విద్యార్థి ఏమని ఊహించుకొంటాడు? గర్విష్ఠి యొకడు సింహాసనమెక్కి నన్ను పూజింపుడని ఆజ్ఞాపించినట్లు, జనము భయముతో సాగిలపడినట్లు. పిచ్చి ప్రభువులు ఒకరిద్దరి విషయములో ఇది నిజమే. కాని మొత్తము మీద జరిగినది దీనికి దాదాపు తలక్రిందులు. పూజించుటకు అనుమతి నిండని అడిగినవారు ప్రజలు. వద్దనియో, కొంతవరకే ననియో పగ్గము పట్టినవాడు చాల సందర్భములలో చక్రవర్తియే.

క్రీ.పూ. 44 మార్చి 15న జూలియసు సీజరును సెనేటు సభలో పొడిచి చంపినారు. ఆ వేసవిలో అతని పేర జరిగిన క్రీడోత్సవముల వేళ ఆకాశమున తోకచుక్క పొడమినది. అది సీజరు ఆత్మయేనని జనము నమ్మినది. క్రీ.పూ. 42లో సెనేటు అతనిని దేవతలలో చేర్చుచు తీర్మానము చేసినది. ఆలోచించి చూడండి: దేవుడగుటకు సభ తీర్మానము! అతని దత్తపుత్రుడు ఆక్టేవియనుడు, అనగా తరువాతి అగస్టసు, ఇందులోని లాభమును వెంటనే గ్రహించినాడు. తాను దేవుడనని చెప్పుకొనలేదు. చెప్పుకొన్నవాని గతి పొడుచువారి కత్తులకు తెలుసు. దేవుని కొడుకునని మాత్రము నాణెముల మీద వ్రాయించుకొన్నాడు. అది చాలినది.

క్రీ.పూ. 29లో ఆసియా, బితినియా రాష్ట్రముల గ్రీకు ప్రజలు ఆయనకు ఆలయములు కట్టుకొనుటకు సెలవడిగినారు. ఆయన పెర్గమునందును నికోమీడియాయందును కట్టుకొనవచ్చునన్నాడు. రోమునగర దేవతను కూడ తనతోపాటు నిలుపవలెనని షరతు పెట్టినాడు. అవే రాష్ట్రములలో కాపురమున్న రోమక పౌరులకు మాత్రము ఈ పూజ కూడదు. వారు రోమాదేవిని, చనిపోయిన జూలియసును కొలువవలెను. ఒకే రాష్ట్రము, ఒకే ప్రభువు, రెండు ధర్మములు. గ్రీకునకు ఆయన దేవుడు, రోమకునికి ఆయన తోటి పౌరుడు.

గ్రీకులకు ఇంత తొందర దేనికి? వారికిది క్రొత్త కాదు. అలెగ్జాండరు తరువాత వచ్చిన సేనాపతులను వారు దేవతల వరుసలో నిలిపియున్నారు. క్రీ.పూ. 307లో ఏథెన్సు నగరము దెమెత్రియసు అనే వీరుని రక్షక దేవతగా కీర్తించి, తరువాత ఎథీనాదేవి ఆలయపు వెనుక భాగములోనే అతనికి విడిది ఇచ్చినది. ఎవరి ఊరు వారిదిగా, ఎవరి సభ వారిదిగా బ్రతికిన ఆ నగరముల చట్టములో ఎక్కడనో కూర్చుండి తమ పన్నులను, తమ ప్రాణములను శాసించే అధికారమునకు చోటు లేదు. అతడు తమ పౌరుడు కాడు, తమ అధికారి కాడు. అంత శక్తి కలిగి, ఊరికి బయట ఉండి, మంచి చెడ్డలు చేయగలవారు వారికి అంతకుముందు తెలిసినవారు దేవతలొక్కరే. అందుచేత తెలియని దానిని తెలిసిన పీఠము మీద కూర్చుండబెట్టినారు. ఇది వట్టి ముఖస్తుతి అని కొట్టివేయుట తేలిక. నా మట్టుకు నాకు, ఇది దూరమునున్న బలవంతునితో మాటలాడుటకు వారు కనుగొన్న భాష అని తోచుచున్నది.

ఆ భాషలో వినయము ఎంత ఉన్నదో బేరము అంత ఉన్నది. క్రీ.పూ. 9లో ఆసియా రాష్ట్రపు నగరముల సభ అగస్టసు పుట్టినరోజైన సెప్టెంబరు 23ను సంవత్సరాదిగా మార్చినది. ఆ తీర్మానపు శాసనము ప్రీనే నగరములో దొరికినది. ఆ దేవుని జననము లోకమునకు శుభవార్తల ఆరంభమని అందులో ఉన్నది. క్రైస్తవులు తరువాత సువార్త అనే అర్థములో వాడిన గ్రీకు మాటయే అది. సభవారికి ఈ సలహా ఇచ్చినవాడు రోము పంపిన గవర్నరు. చక్రవర్తికి అన్నిటికన్న గొప్ప గౌరవమును కనిపెట్టినవారికి కిరీటమని సభ అంతకుముందే ప్రకటించియున్నది. ఆ కిరీటము ఎవరికి దక్కినదో వేరుగ చెప్పనక్కరలేదు.

రోము నగరములోని పద్ధతి వేరు. ప్రతి పురుషునికి అతనితో పుట్టి అతనితో ఉండే ఒక రక్షకశక్తి ఉన్నదని రోమకుల నమ్మకము. ఇంటి యజమాని యొక్క ఆ శక్తికి అతని పుట్టినరోజున ఇంటివారు, బానిసలు నైవేద్యము పెట్టేవారు. మన ఇలవేలుపు పూజకు ఇది కొంచెము చుట్టరికము. క్రీ.పూ. 7లో అగస్టసు నగరమును 265 పేటలుగా విభజించినప్పుడు, ప్రతి కూడలిలోను పేట దేవతల సరసన అగస్టసు రక్షకశక్తికి కూడ పూజ జరిగే ఏర్పాటయినది. మనిషికి పూజ లేదు, మనిషితోనున్న శక్తికి ఉన్నది. ఊరంతయు ఒక ఇల్లు, అగస్టసు ఆ ఇంటి యజమాని! ఈ పూజలు నడిపినవారు గొప్ప కుటుంబములవారు కారు, విముక్తులైన బానిసలు. ఇటలీలోని చిన్న పట్టణములలో కూడ అగస్టాలీయులనే సంఘములు వెలసినవి. డబ్బున్నా, ఒకప్పుడు బానిసలైనందున పట్టణ పదవులకు అనర్హులైనవారు ఈ సంఘములలో చేరి, సొమ్ము కట్టి, ముందు వరుసలో కూర్చుండే గౌరవము సంపాదించుకొన్నారు. చక్రవర్తి దైవత్వము వలన చక్రవర్తి కంటె వీరికే ఎక్కువ లాభము కలిగినదేమో.

క్రీ.శ. 25లో స్పెయిను దేశపువారు టైబీరియసుకు, ఆయన తల్లికి గుడి కట్టుటకు అనుమతి కోరినారు. టైబీరియసు సెనేటులో నిలిచి, తాను మర్త్యుడనని, మనుష్యుల పనులే చేయుచున్నానని, జనుల హృదయములలో మంచి పేరు నిలిస్తే అదియే తన గుడి అని చెప్పి కాదన్నాడు. చరిత్రకారుడు టాసిటసు దీనిని వ్రాసి, ఇది వినయమని కొందరు, నీరసమని కొందరు అనుకొన్నారని చేర్చినాడు. కాని ఆసియా నగరములకు అతడు అంతకుముందే సరే అన్నాడు. గుడి ఏ ఊరిలో అనే తగవు క్రీ.శ. 26లో సెనేటుకు వచ్చినది. పదకొండు నగరముల దూతలు పలు దినములు వాదించినారు. మా ఊరిలో 1,200 ఏండ్లుగా భూకంపము లేదని హాలికర్నాససు వారన్నారు. పెర్గమునకు అగస్టసు గుడి ఉండనే ఉన్నదని, ఎఫెససుకు ఆర్తెమిస్ దేవి పూజతోనే తీరికలేదని వారిని ప్రక్కన పెట్టినారు. కడకు స్మిర్నా గెలిచినది. జిల్లా కేంద్రము మా ఊరికే కావలెనని పోరాడిన వారెవరికైనను ఈ ఘట్టము చదివితే నవ్వు వస్తుంది.

నవ్వు రాని ఘట్టములు కూడ ఉన్నవి. బ్రిటనులో ఇప్పటి కాల్చెస్టరు పట్టణమున క్లాడియసు పేర పెద్ద ఆలయము లేచినది. పూజారులుగా నియమితులైన స్థానికుల ఆస్తులు ఆ ఆలయపు వ్యయములకు హరించిపోయినవని టాసిటసు వ్రాసినాడు. క్రీ.శ. 60 ప్రాంతమున బౌడికా రాణి తిరుగుబాటు లేచినప్పుడు జనము మొదట పడినది ఆ పట్టణము మీదనే. రోమకులు గుడిలో దాగినారు. రెండు దినములకు గుడి కూడ వారి చేజిక్కినది.

యెరూషలేము కథ ఇంకను బరువైనది. యూదులకు దేవుడొక్కడే, ప్రతిమ నిషిద్ధము. వారికిని రోముకును నడుమ ఒక రాజీ ఉండేది: చక్రవర్తికి బలి ఇవ్వరు, చక్రవర్తి కొరకు తమ దేవునికి దినదినము బలి ఇస్తారు. విభక్తి ప్రత్యయమొకటి మారితే ఎంత శాంతి! ఈ రాజీని కలిగులా చక్రవర్తి త్రోసివేసి, క్రీ.శ. 40లో తన విగ్రహమును ఆ దేవాలయములో నిలుపుమని సిరియా గవర్నరు పెట్రోనియసును ఆజ్ఞాపించినాడు. యూదులు వేలకొలదిగా వచ్చి పెట్రోనియసు ఎదుట పడినారు. విత్తుటకు అదును దాటిపోవుచున్నా వారాలకొలది పొలములకు పోలేదు. పెట్రోనియసు శిల్పులను తొందరపెట్టక, చక్రవర్తికి జాబు వ్రాసి, కాలము గడిపినాడు. అతడు ఆత్మహత్య చేసికొనవలెనని కలిగులా పంపిన ఆజ్ఞ సముద్రములో ఆలస్యమై, క్రీ.శ. 41 జనవరిలో కలిగులా హతుడైన వార్త ముందుగా చేరినదని చరిత్రకారుడు జోసీఫసు చెప్పినాడు. మహావీరులను గూర్చి పాఠములు చెప్పేటప్పుడు, ఆలస్యము చేసి ఒక జాతిని కాపాడిన ఈ ఉద్యోగిని గూర్చి కూడ రెండు మాటలు చెప్పవచ్చును.

చనిపోయిన చక్రవర్తులను దేవతలలో చేర్చే తంతు గూర్చి రోమకులకే లోలోపల హాస్యము ఉండేది. అగస్టసు ఆత్మ స్వర్గమునకు పోవుట కన్నులార చూచితినని ప్రమాణము చేసిన సెనేటరుకు ఆయన భార్య లివియా పది లక్షల సెస్టర్సుల నాణెములు బహుమానమిచ్చినదట. క్లాడియసు చనిపోయినప్పుడు నీరో చదివిన చరమశ్లాఘ సెనెకా వ్రాసినదే. ఆ సెనెకాయే, అదే క్లాడియసు దేవుడగుటకు మారుగా సొరకాయ అయినాడని అర్థము వచ్చే పేరుతో పరిహాస రచన చేసినాడు. వెస్పేసియను క్రీ.శ. 79లో మరణశయ్య మీద, తాను దేవుడనగుచున్నట్లున్నదని వేళాకోళమాడినాడట.

ఇంత తేలికగా తీసికొన్న వ్యవహారము ఇతరులకు ప్రాణాంతకమైనది. క్రీ.శ. 112 ప్రాంతమున బితినియా గవర్నరు ప్లీనీ క్రైస్తవులను విచారించుచు, మేము క్రైస్తవులము కామన్నవారికి ఒక పరీక్ష పెట్టినాడు: దేవతల ప్రతిమల నడుమ ట్రాజను చక్రవర్తి ప్రతిమను పెట్టించి, దాని ముందు చిటికెడు ధూపము, కొంచెము ద్రాక్షసారాయము అర్పించి, క్రీస్తును దూషింపుమన్నాడు. చేసినవారిని విడిచినాడు, క్రైస్తవులమేనని ముమ్మారు ఒప్పుకొన్నవారిని శిక్షకు పంపినాడు. వెదకి పట్టవద్దని, ఆకాశరామన్న జాబులను నమ్మవద్దని ట్రాజను బదులు వ్రాసినాడు గాని పరీక్షను తప్పుపట్టలేదు. ప్రజలు కోరి తెచ్చుకొన్న పూజ నూటయేబది ఏండ్లు తిరుగకముందే ప్రజలను జల్లెడపట్టే సాధనమైనది. క్రైస్తవమును ఆదరించిన కాన్‌స్టంటైను సైతము తన వంశము పేర ఇటలీలోని హిస్పెల్లుమువారు గుడి కట్టుకొందుమనగా వద్దనలేదు. బలులు మాత్రము కూడదన్నాడు. అలవాటు అంత బలమైనది.

ఈ గాలి మన దేశమునకు వీచినదా? రోమక రహదారుల పటమొకటి, మధ్యయుగపు నకలుగా, వియన్నాలో ఉన్నది. అందులో కేరళ తీరపు ముజిరిసు రేవు ప్రక్కన అగస్టసు ఆలయమని గుర్తించియున్నది. అక్కడ నివసించిన పడమటి వర్తకులు కట్టుకొన్నదై యుండును. ఉత్తరమున కుషాణ రాజులు దేవపుత్రులమని చెప్పుకొన్నారు. మథుర దగ్గరి మాట్ గ్రామములో వారి ప్రతిమలు నిలిపిన దేవకులము ఉండేది. ఒక శాసనములో కనిష్కుడనే రాజుకు దేవపుత్రునితోపాటు కైసరుడనే బిరుదు కూడ చదివినారు. కైసరుడనగా సీజరే.

శాతవాహనులు ఈ నాణెములను చూచినారు. రాజు ముఖము ముద్రించుట రోమక, క్షత్రప నాణెములను చూచి నేర్చి, తామును వెండిపై తమ తలలు ముద్రింపించినారు. కాని ముఖము చుట్టూ వ్రాయించినదేమి? గోతమి కొడుకు, వాసిఠి కొడుకు! రోము నాణెము తండ్రిని దేవుని చేసి కొడుకును నిలబెట్టినది; మన నాణెము తల్లి పేరు చెప్పి కొడుకును నిలబెట్టినది. నాసికు గుహలో గౌతమీ బాలశ్రీ వ్రాయించిన శాసనము ఆమె కుమారుని పరాక్రమమును రాముడు, కేశవుడు, అర్జునుడు, భీమసేనుడు మున్నగువారితో సమానమన్నది. సమానమన్నదే గాని వారేనని అనలేదు. కవులకు ఆ చిన్న తేడా ఎంత పెద్దదో తెలియును.

ఐతే దీనిని బట్టి మనము ఛాతీ విరుచుకొనుటకు లేదు. రాజు బాలుడైనను మనుష్యమాత్రుడని తలపరాదని, అతడు నరరూపమున నిలిచిన గొప్ప దేవత అని మనుస్మృతి విధించినది. విష్ణ్వంశ లేనివాడు రాజు కాడన్న మాట మన పెద్దల నోట వినిపిస్తూనే ఉండేది. 1950, 60 దశకములలో తిరుపతి వెళ్ళిన యాత్రికులు మద్రాసు వరకు పోయి, వెండితెరపై కృష్ణుడైన నందమూరి తారక రామారావు ఇంటి ముందు దర్శనమునకు నిలిచినారు. 1983లో ఆయన ముఖ్యమంత్రి అయినాడు.

నస్పూరు నుండి మంచిర్యాల, లక్షెట్టిపేట మీదుగా పోతే దండేపల్లి వస్తుంది. తెలంగాణ రాష్ట్రము 2014లో ఏర్పడిన తరువాత, ఆ ఊరిలో ఒక పార్టీ కార్యకర్త తన ఇంటి ఆవరణలోనే నాటి ముఖ్యమంత్రి కల్వకుంట్ల చంద్రశేఖరరావుకు గుడి కట్టి, విగ్రహము నిలిపి పూజలు చేసినాడు. కొన్నేండ్లకు, ఉద్యమములో పాటుపడిన తనకు తగిన గుర్తింపు రాలేదని చెప్పి, ఆ గుడిని, విగ్రహమును అమ్మకమునకు పెట్టినట్లు పత్రికలలో వచ్చినది. చదివినవారు నవ్వుకొన్నారు. స్మిర్నా, పెర్గము నగరముల పెద్దలు మాత్రము నవ్వియుండరు. దేవుని వలె కొలుచుటలో ఒక అర్జీ ఉన్నదని, దానికి బదులు రావలెనని వారికి బాగుగా తెలియును. ఒక్కటే తేడా: వారి అర్జీలకు రోము నుండి జాబులు వచ్చినవి.

కాకతీయుల కాలమున మన ప్రాంతపు ప్రభువులు ఈ చిక్కును వేరొక విధముగా విప్పుకొన్నారు. అంతకుముందే వేములవాడ చాళుక్యులలో బద్దెగుని పేర బద్దెగేశ్వరము వెలసియున్నది. 1163లో రుద్రదేవుడు హనుమకొండలో వేయి స్తంభముల గుడి కట్టి, అందలి శివునికి రుద్రేశ్వరుడని పేరు పెట్టినాడు. గణపతిదేవుని పేర గణపేశ్వరములు లేచినవి. మనిషి దేవుడు కాలేదు. మనిషి పేరు దేవునికి చేరినది. రాజు బ్రతికియుండగనే అతని పేరుతో దీపము వెలుగును, నైవేద్యము జరుగును, ఐనను పూజ అందుకొనేది లింగము. రాజు తప్పు చేసినను, వంశము కూలినను గుడిని అమ్మవలసిన పని లేదు. ఇంత జాగ్రత్తగా అల్లిన ఏర్పాటు రోమక సెనేటునకు తట్టలేదు.

గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో ఆలయము నెలకొల్పి, తన పేరుననే స్వామిని రుద్రేశ్వరుడన్నాడు. శాసనము ఇప్పటికిని అక్కడ నిలిచియున్నది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వపు పట్టికలో చేర్చినప్పుడు కూడ కాకతీయ రుద్రేశ్వరాలయమనే వ్రాసినారు. అక్కడికి పిల్లలను తీసికొనిపోయే ఉపాధ్యాయులు దారిలో ఎవరినైనను రుద్రేశ్వరాలయము ఎక్కడ అని అడిగి చూడవచ్చును. ఎదుటివాడు తెల్లబోయే అవకాశమే ఎక్కువ. రామప్ప గుడి అంటే వెంటనే చేయి చూపుతాడు. రామప్ప ఆ గుడిని చెక్కిన శిల్పి అని జనశ్రుతి.